నెల పక్కన ఒకే అంకె వేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో పిల్లల పెంపకం పేజీ మొదలుపెట్టి మంచి పని చేశారు. ఇదివరకు మా ఇంట్లో పేపరు రాగానే క్రికెట్ పేజీ మా ఆయనకి, రాశిఫలాలు మా అత్తయ్య గారికి, మిగిలినది నాకు. ఇప్పుడు ఆదివారం వస్తే ఆ ఒక్క పేజీ కోసం ముగ్గురం పోటీ పడుతున్నాం. అయితే పోయిన వారం అందులో వేసిన రంగుల పట్టిక మీద నాకో అభ్యంతరం ఉంది. ‘మీ బుజ్జాయి ఏ నెలలో ఏం చేయాలి?’ అని పైన పెద్ద అక్షరాలు. కింద మూడో నెలలో మెడ నిలపాలి, నాలుగో నెలలో బోర్లా పడాలి, ఆరో నెలలో కూర్చోవాలి, ఎనిమిదో నెలలో పాకాలి, పన్నెండో నెలలో నడవాలి అని వరుసగా రాశారు. ఒక్కో పనికి ఒక్కటే అంకె, పక్కన టిక్కు పెట్టుకోవడానికి ఒక గడి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సగటు, మధ్యగతం, బాహుళకం పదో తరగతి వాళ్ళకి ఏటా చెప్పే పాఠమే. సగటు ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం సంగతే చెప్పినట్టని, ఆ అంకెకి అటూ ఇటూ ఎంతమంది ఎంత దూరంలో ఉన్నారో కూడా చూడాలని బోర్డు మీద రాసి మరీ చెబుతాను. క్లాసు సగటు 52 మార్కులైతే 49 వచ్చిన పిల్ల ఫెయిలైనట్టు కాదు కదా! ఆ పట్టికలో మీరు చేసింది అదే. పిల్లలు ఇంచుమించుగా ఏ వయసులో ఏం చేస్తారన్న అంకెని తీసుకొచ్చి గడువు తేదీ చేసేశారు. పైగా ‘చేయాలి’ అన్నారు.

టీచర్ని కాబట్టి తప్పులు దిద్దే అలవాటు అనుకునేరు. నా బాధ అసలు అది కాదు. మా ఇంట్లో ఒకే రోజు పుట్టినవాళ్ళు ఇద్దరున్నారు. కవలలు. కొద్ది నిమిషాల ముందు పుట్టినందుకు బాబు పెద్దోడయ్యాడు, పాప బుజ్జి అయింది. ఇప్పుడు ఇద్దరికీ మూడో ఏడు నడుస్తోంది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే అమ్మ, ఒకే నాయనమ్మ. ఏ పనీ ఇద్దరూ ఒకే నెలలో చేయలేదు. మీ పట్టిక ప్రకారం టిక్కులు పెడితే మా ఇంట్లో ఎప్పుడూ ఒకరు పాసు, ఒకరు ఫెయిలు.

మొదట బోర్లా పడింది పెద్దోడు. అయిదో నెల దాటాక ఒక మధ్యాహ్నం మొహం ఎర్రగా చేసుకుని, ఒక చెయ్యి పొట్ట కింద ఇరికించుకుని, అది బయటికి రాక ఏడుపు లంకించుకున్నాడు. బుజ్జి పక్కనే వెల్లకిలా పడుకుని కాళ్ళు కొట్టుకుంటూ వాడి తంటా చూస్తోంది. తనకేమీ తొందర లేదు.

మా వైపు బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు పంచుతారు. మీ పాఠకులకి ఇది కొత్త కాదు. కానీ ఇద్దరు పుట్టిన ఇంట్లో ఒక చిక్కుంది. ఒకడు బోర్లా పడ్డాడని ఇప్పుడే చేయాలా, రెండోది కూడా పడేదాకా ఆగి కలిపి చేయాలా? అత్తయ్య గారు పాలకొల్లులో ఉన్న వాళ్ళక్కకి ఫోన్ చేశారు. చాలాసేపు మాట్లాడుకున్నాక తేల్చిందేమిటంటే, ఎవరి బొబ్బట్లు వాళ్ళవే. పెద్దోడి పేరు మీద శనగపప్పు ఉడికింది, వీధంతా పంచాం. పళ్ళెం అందుకున్న ప్రతి ఆవిడా మొదట ‘శుభం’ అంది, తర్వాత ‘మరి పాప?’ అంది.

ఆ ‘మరి పాప?’ తర్వాత ఏడాది పాటు మా ఇంటి గుమ్మంలోనే కూర్చుంది. బుజ్జి కొన్ని వారాల తర్వాత ఓ తెల్లవారుజామున ఎవరూ చూడకుండా బోర్లా పడింది. పాలపీక కోసం లేచిన మా ఆయన లైటేస్తే మెడ ఎత్తి నవ్వుతోందట. రెండో విడత బొబ్బట్లు చేశాం. ఈసారి వీధిలో ఎవరూ ఏమీ అడగలేదు, రుచి మాత్రం మొదటిసారికంటే బాగుందన్నారు.

బొబ్బట్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. అందులో తేదీ లేదు. బిడ్డ బోర్లా పడ్డాకే స్టవ్ మీద పప్పు పడుతుంది. ఫలానా నెలకి బొబ్బట్లు రెడీగా ఉంటాయి, బిడ్డే అందుకోవాలి అని ఏ ముసలమ్మా అనలేదు. మన పెద్దవాళ్ళు అన్నీ తెలిసినవాళ్ళని నేను అనను. పసిపిల్లల చెవుల్లో నూనె పోయమనేదీ, నూనె రాసి ముక్కు లాగమనేదీ కూడా వాళ్ళే. ఈ ఒక్క విషయంలో మాత్రం రంగుల పట్టికకంటే వాళ్ళదే సరైన లెక్క.

అసలు మా పిల్లలిద్దరి విషయంలో ఆ అంకెలు మొదటినుంచీ చెల్లవు. మా వాళ్ళు 35 వారాలకే పుట్టారు, అంటే అయిదు వారాలు ముందు. కవలలు నెలలు నిండకుండా పుట్టడం మామూలే. తణుకులో మేం చూపించే పిల్లల డాక్టరు గారు మొదటి విజిట్‌లోనే చెప్పారు, వీళ్ళకి రెండేళ్ళు వచ్చేదాకా ఎదుగుదల చూసేటప్పుడు పుట్టినరోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన రోజు నుంచి లెక్క వేసుకోమని. అంటే క్యాలెండర్‌లో ఆరు నెలలైతే ఎదుగుదల లెక్కలో అయిదు నెలల కొంచెం కింద. టీకాలకి మాత్రం ఈ తీసివేత లేదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే. ఇంత ముఖ్యమైన సంగతి మీ పట్టికలో ఒక్క లైను కూడా లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని ఇంక్యుబేటర్లోంచి ఇంటికి తెచ్చుకున్న తల్లి అప్పటికే సగం ప్రాణంతో ఉంటుంది. ఆవిడ చేతికి ఈ పట్టిక ఇస్తే ఏమైపోవాలి?

మీది ఆదివారం ఆదివారం వస్తుంది, అదైనా నయం. నా ఫోన్లో ఒక యాప్ ఉండేది. అది రోజూ పొద్దున్నే ‘మీ బేబీ ఈ వారం కూర్చుంటోందా?’ అని మెసేజ్ పెట్టేది. ఒక బేబీకే చోటుంది అందులో, రెండో బేబీకి మళ్ళీ డబ్బులు కట్టాలట. తీసేశాను.

సరే, ఒకే అంకె వద్దంటే మరి ఏం వేయాలి? దానికి సమాధానం ఎప్పుడో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఒక అధ్యయనం ఫలితాలు ప్రచురించింది. ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యమైన పిల్లల్ని నాలుగు నెలల వయసు నుంచి నడక వచ్చేదాకా వరసగా గమనించారు. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు ఉన్నారు. చివరికి వాళ్ళు ఇచ్చింది అంకె కాదు, అవధి. అందరికంటే ముందు చేసేసిన ఒక శాతాన్నీ, అందరికంటే వెనక చేసిన ఒక శాతాన్నీ వదిలేసి మిగిలిన పిల్లలు ఎప్పటి నుంచి ఎప్పటి లోపు చేశారో చెప్పారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల లోపు. చేతులూ మోకాళ్ళ మీద పాకడం 5.2 నుంచి 13.5 నెలల లోపు. ఏమీ పట్టుకోకుండా నిలబడటం 6.9 నుంచి 16.9 లోపు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల లోపు.

నడక దగ్గర ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి, తొమ్మిది నెలలకు పైనే. ఒక బిడ్డ కడుపున పడి భూమ్మీదికి వచ్చేంత కాలం. అంత వెడల్పున్న దాన్ని మీరు ‘పన్నెండో నెల’ అన్న ఒక్క గడిలో ఇరికించారు.

పాకడం గురించి చెప్పాలి. మా పెద్దోడు పుస్తకంలో బొమ్మలా పాకాడు. బుజ్జి పాకలేదు. దేకింది. ఒక కాలు మడిచి కింద పెట్టుకుని, రెండో కాలితో నేలని వెనక్కి తోస్తూ, కూర్చున్న మనిషి కూర్చున్నట్టే హాలు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళిపోయేది. చేతులు రెండూ ఖాళీ కాబట్టి ఒక చేతిలో గిలక్కాయ, ఇంకో చేతిలో వాళ్ళన్న దగ్గర లాక్కున్నదేదో ఉండేది. లాగులన్నీ వెనకవైపే చిరిగేవి. వంటింటి గడప దగ్గర మాత్రం ఆగిపోయేది. పసుపు రాసిన గడపని అరచేత్తో తట్టి, ఆ చెయ్యి బుగ్గకి రాసుకుని, కుంకుమ బొట్టు ఎక్కడుందో వెతికి గోటితో గీకేది. తర్వాత నిదానంగా ఒక కాలు అవతల వేసి, గడప మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుని, లోపల చారు పోపు పెడుతున్న నాయనమ్మని పిలిచేది. అలా ఒక పక్కకి ఒరిగి అవతలికి దొర్లడం తనంతట తనే కనిపెట్టింది. ఇది ఏ పట్టికలోనూ లేదు.

ఇక పాకుండల సంగతి. దేకినదానికి పాకుండలు చేయొచ్చా? అత్తయ్య గారు మళ్ళీ పాలకొల్లుకి ఫోన్ చేశారు. అవతల నుంచి ఏం వచ్చిందో తెలియదు గానీ, మధ్యాహ్నానికి తడిపిన బియ్యం దంచి, బెల్లం పాకం పట్టి, కొబ్బరి ముక్కలు వేసి పాకుండలు చేసేశారు. ‘కదిలింది కదా, చాల్లే’ అన్నారు. ఆవిడ చదివింది అయిదో తరగతి. ఈ సంగతిలో ఆవిడ చెప్పిందే ఆ అధ్యయనం కూడా చెప్పింది. వాళ్ళు చూసిన పిల్లల్లో నూటికి నలుగురికి పైగా అసలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు, నేరుగా లేచి నడిచారు. అమెరికాలో సీడీసీ అనే ప్రజారోగ్య సంస్థ 2022లో తన జాబితాని తిరగరాసినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది. కొందరు ఫిజియోథెరపిస్టులు దాన్ని ఒప్పుకోలేదు, అది వేరే చర్చ. నాకు ముఖ్యంగా కనిపించింది అప్పుడే చేసిన ఇంకో మార్పు. అంతకుముందు సగం మంది పిల్లలు చేసే వయసు వేసేవాళ్ళు, ఆ ఏడాది నుంచి నూటికి 75 మంది చేసేసే వయసు వేయడం మొదలుపెట్టారు. లెక్కల టీచర్‌గా నాకు ఇది ఎంత సంతోషమో చెప్పలేను. సగం మంది చేసే వయసు వేస్తే, మిగతా సగం మంది తల్లులు ఆ రోజు నుంచి గాభరా పడటం ఖాయం. అది పిల్లల్లో లోపం కాదు, పట్టికలోనే ఉన్న లోపం.

పెద్దోడి మొదటి అడుగులు నేను చూడలేదు. ఏప్రిల్ నెల, నేను స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నాను. అత్తయ్య గారు తీసిన వీడియోలో ఎక్కువ భాగం సీలింగ్ ఫ్యాను ఉంది, మధ్యలో ఒక్కసారి వాడి తల కనిపించి మాయమైంది, తర్వాత అందరి కేకలు. పేపర్లు దిద్దుతూ డెస్కు కింద పెట్టుకుని చూశాను. ఆరు నెలల మెటర్నిటీ లీవు అయ్యాక ఉద్యోగానికి వెళ్ళే ఏ తల్లికైనా ఇది తప్పదు. దాని మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు, ఇక్కడ వద్దు.

వాడు నడవడంతో బుజ్జి మీద ఒత్తిడి మొదలైంది. పెళ్ళికెళ్తే ‘ఇంకా ఎత్తుకునే తిరుగుతున్నావా?’ స్టాఫ్ రూములో ‘మా వాడు తొమ్మిదో నెలకే నడిచేశాడు మేడం’ అని వీడియో. అడక్కుండానే వీడియో. ఆ బాబు ముద్దుగానే ఉన్నాడు, వాడి తప్పేముంది. ఇక్కడి నుంచి ఎల్‌కేజీ ర్యాంకు దాకా ఇదే రూటు. మా దూరపు బంధువు ఒకాయన చక్రాల వాకర్ కొనుక్కొచ్చాడు, బిడ్డని మధ్యలో కూర్చోబెడితే కాళ్ళతో తన్నుకుంటూ తిరిగేది. ప్రేమతోనే తెచ్చాడు, కాదనను. డాక్టరు గారు మాత్రం అది ఇంట్లో ఉంచొద్దన్నారు. దానివల్ల నడక తొందరగా రాదు, పైగా మెట్ల మీంచి దొర్లడం, పొయ్యి దగ్గరికి దూసుకుపోవడం లాంటి ప్రమాదాలు ఎక్కువ. కెనడాలో 2004 నుంచే వాటి అమ్మకం నిషేధించారు. మన ఊళ్ళో ఫ్యాన్సీ షాపు ముందు తాడు కట్టి మరీ వేలాడదీస్తారు. మీ పేజీలో దాని గురించి కూడా రాస్తే బాగుంటుంది. బిడ్డ వెనక నిలబడి తోసుకుంటూ పోయే పాతకాలం మూడు చక్రాల చెక్క బండి వేరు, దాన్నీ దీన్నీ ఒకటిగా చూడకూడదు. బుజ్జికి మా నాన్న ఆ చెక్క బండి చేయించి తెచ్చారు. బుజ్జి దాన్ని తోయలేదు, తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంది.

నాకు టెన్షన్ లేదని చెప్పను. పదిహేను నెలలు దాటాక రాత్రిళ్ళు దాని కాళ్ళు నిమిరి చూసుకునేదాన్ని. డాక్టరు గారు తుంటి కీళ్ళు తిప్పి చూశారు, కండరాల బిగువు చూశారు, పట్టుకుని నిలబెడితే పాదాలు పూర్తిగా ఆనిస్తోందా అని చూశారు. దేకే పిల్లలు చాలామంది నడక ఆలస్యంగానే మొదలుపెడతారని, 18 నెలలు నిండేదాకా చూద్దామని, అప్పటికీ నడవకపోతే పరీక్షలు చేద్దామని చెప్పారు. నా మనసు కుదుటపడింది ఆ మాటకే. ‘ఏం ఫర్వాలేదు’ అన్నందుకు కాదు, ‘ఇంతవరకు ఫర్వాలేదు, ఇది దాటితే రండి’ అని గట్టు ఎక్కడుందో చెప్పినందుకు. వినాయక చవితి వెళ్ళాక, దాని ఇష్టం వచ్చిన రోజున, సోఫా వదిలి తలుపు దాకా నడిచింది. అరిసెలు చేశాం. పాకం ఒక పట్టు ముదిరింది, అరిసెలు చెక్కల్లా గట్టిపడ్డాయి. ఆనవాయితీ ప్రకారం బిడ్డని వాటి మీద నడిపిస్తే ఒక్కటీ విరగలేదు. వాళ్ళన్న వెనకనుంచి వచ్చి ఒకటి తీసుకుని నమలలేక కుక్కకి వేశాడు.

ఇన్ని నెలలు ‘మరి పాప?’ అన్నవాళ్ళు ఆ తర్వాత ‘మరి బాబు?’ మొదలుపెట్టారు. ఎందుకంటే మాటల్లో వరస తిరగబడింది. బుజ్జి నడవకముందే తాత, అత్త, బువ్వ, జోజో అన్నీ అనేసేది. పెద్దోడు నోరు విప్పితే ఒట్టు. 16 నెలలకి ఒక్క మాట లేదు. డాక్టరు గారు ఈసారి అడిగిన ప్రశ్నలు వేరు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? కావాల్సింది వేలితో చూపిస్తాడా? తనకి నచ్చినదాన్ని నీకు చూపించి నీ మొహంలోకి చూస్తాడా? ‘చెప్పులు తీసుకురా’ అంటే తెస్తాడా? అన్నింటికీ అవునే. చెప్పులు తెమ్మంటే ఇద్దరివీ కలిపి ఒక్కొక్కటి తెచ్చేవాడు, అయినా తెచ్చేవాడు. అయినా సరే వినికిడి పరీక్ష చేయించారు. బాగానే ఉందన్నాక ఇంట్లో మాట్లాడటం పెంచమని, టీవీ, ఫోన్ తగ్గించమని చెప్పారు. రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెబుతోంది. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ లేకుండా ఇద్దరికి తినిపించడం ఎంత కష్టమో ఆ సంఘం వాళ్ళని ఒక పూట మా ఇంటికి పిలిచి చూపించాలనిపిస్తుంది, కానీ వాళ్ళు చెప్పింది నిజం.

మా వీధిలోకి పొద్దున్నే ఉల్లిపాయల ఆటో వస్తుంది. మైకులో రికార్డు చేసిన ఒకే గొంతు, ‘ఉల్లీ... ఉల్లిపాయలూ...’ అని సాగదీస్తుంది. పెద్దోడు కిటికీ చువ్వలు పట్టుకుని అది వీధి చివర మలుపు తిరిగేదాకా చూసేవాడు. మొదట ఆ రాగం పట్టాడు, మాట లేకుండా. కొన్ని రోజులకి ఒక పొద్దున ఆటో ఇంకా రాకముందే కిటికీ దగ్గర నిలబడి ‘ఉల్లీ’ అన్నాడు. స్పష్టంగా, మైకు గొంతుతో సహా. అమ్మ కాదు, నాన్న కాదు, ఉల్లి. అత్తయ్య గారు చిలకలు కొనడానికి మొదట ఒప్పుకోలేదు. ‘అమ్మ అన్నాక చూద్దాం’ అన్నారు. మా ఆయన వాడి తరఫున వాదించి స్వీటు షాపుకి వెళ్ళాడు. ఇప్పుడు వాడి నోరు మూయించడానికి ఏం పంచాలో తెలియడం లేదు.

ఇదంతా చదివి, ‘అయితే పిల్లలు ఎప్పుడు చేస్తే అప్పుడే, పట్టికలెందుకు’ అంటున్నానని అనుకోవద్దు. దానికి పూర్తిగా ఎదురు మాట చెబుతున్నాను. మాకు తెలిసిన ఒక కుటుంబంలో బాబుకి రెండున్నరేళ్ళు వచ్చినా మాటలు రాలేదు. ‘మగపిల్లలకి లేటే’, ‘వాళ్ళ నాన్నకి కూడా మూడేళ్ళకే వచ్చాయి’ అని ఇంటిల్లిపాదీ ధైర్యం చెప్పుకున్నారు. చివరికి తెలిసింది వాడికి వినపడదని. చప్పట్లు కొడితే తిరిగేవాడు, ఎందుకంటే చేతుల కదలిక కనిపించేది. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకి ఎంత ముందు తెలుసుకుని వినికిడి మిషనో, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో పెడితే మాట రావడానికి అంత వీలుంటుంది. అక్కడ పోయిన ప్రతి నెలా పోయినట్టే. ఒకే అంకె పట్టిక ఈ ఇంటికీ పనికిరాలేదు. ఎందుకంటే ‘పన్నెండో నెలలో మాట్లాడాలి’ అన్న అంకెని దాటి మామూలుగా మాట్లాడిన పిల్లలు వీధికి నలుగురు కనిపిస్తారు. దాంతో ఆ అంకె మీద ఎవరికీ నమ్మకం ఉండదు. నిజంగా భయపడాల్సిన చోటు వచ్చినప్పుడు కూడా ‘ఆ, పేపర్లో అలాగే రాస్తారులే’ అంటారు.

కాబట్టి అవధితో పాటు గట్టు కూడా వేయండి. మూడు నెలలు నిండినా మనిషిని చూసి నవ్వకపోతే, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, 18 నెలలకి నడవకపోతే చూపించండి అని. ఏడాది నిండినా వేలితో చూపించడం, టాటా చెప్పడం లాంటి సైగలు లేకపోతే, 16 నెలలకి ఒక్క మాటా లేకపోతే, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలిపి అనకపోతే చూపించండి అని. ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతూ రెండో చేతిని వదిలేస్తుంటే ‘ఎడంచేతి వాటం’ అని మురిసిపోకుండా డాక్టరుకి చెప్పండి అని. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, వచ్చిన మాటగానీ, నవ్వుగానీ, నడకగానీ ఏ వయసులోనైనా వెనక్కి పోతే ఒక్క రోజు కూడా ఆగొద్దు అని.

ఎవరికి చూపించాలో కూడా రాయండి. అందరికీ తణుకు డాక్టరు గారు అందుబాటులో ఉండరు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొబైల్ వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లల్ని చూడాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, జబ్బులు, పోషకాహార లోపాలతో పాటు ఎదుగుదల ఆలస్యం కూడా వాళ్ళు చూడాల్సిన నాలుగింటిలో ఒకటి. అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా స్థాయిలో ఉన్న సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు, అక్కడ ఖర్చు లేదు. మా స్కూల్లో చదువుకునే పిల్లల తల్లుల్లో ఈ కేంద్రం పేరు విన్నవాళ్ళు దాదాపు లేరు. కానీ మీ పేపరు వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్తుంది, కనీసం టీ కొట్టు దాకా.

అంగన్‌వాడీలో పిల్లల్ని తూకం వేసి గుర్తు పెట్టే చార్టు మీరు చూసే ఉంటారు. అందులో ఏ నెలకి ఎన్ని కిలోలు అని ఒక అంకె ఉండదు. పచ్చ రంగు పట్టీ ఉంటుంది, వెడల్పుగా. మా ఇద్దరి చుక్కలూ ఆ పట్టీలోనే ఉండేవి, పెద్దోడిది పైన, బుజ్జిది కింద. అంగన్‌వాడీ టీచరు ఎప్పుడూ ఆ రెండు చుక్కల్ని ఒకదానితో ఒకటి పోల్చలేదు. ప్రతి పిల్లా తన పోయిన నెల చుక్క నుంచి ఎటు వెళ్తోందో చూసేది. బరువుకి ఇంత చక్కటి పద్ధతి ఊరూరా గోడ మీద ఉండగా నడకకీ మాటకీ టిక్కుల గడులెందుకు? అదే పచ్చ పట్టీ మీ ఆర్టిస్టు గీస్తే చాలు. ఎడమవైపు ముందుగా చేసేవాళ్ళ నెల, కుడివైపు చివర ఎర్రగీత, ఎర్రగీత పక్కన ‘ఇది దాటితే చూపించండి’. అడుగున ‘నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి రెండేళ్ళ వరకు ఆ వారాలు తీసేసి లెక్క వేసుకోండి’ అని ఒక లైను. నేను స్కేలు పెట్టి కొలిచాను, మీరు ఇప్పుడు పట్టికకి ఇచ్చిన చోటులోనే పడుతుంది, ‘బుజ్జాయి’ బొమ్మ కొంచెం చిన్నది చేస్తే.

వచ్చే ఆదివారం పళ్ళ గురించి వేస్తామని ప్రకటించారు కాబట్టి ఈ ఉత్తరం తొందరగా పోస్టు చేస్తున్నాను. పాల పళ్ళు మొత్తం ఇరవై, మామూలుగా మూడేళ్ళలోపు అన్నీ వచ్చేస్తాయి. మొదటిది చాలామందికి ఆరో నెల ప్రాంతంలో వస్తుంది గానీ నాలుగో నెలలో వచ్చేవాళ్ళూ ఉంటారు, ఏడాది దాటాక వచ్చేవాళ్ళూ ఉంటారు. ఏడాదిన్నరకి కూడా ఒక్కటీ రాకపోతే అప్పుడు చూపించుకోవాలి. దయచేసి ‘ఆరో నెల: మొదటి పన్ను’ అని వేయకండి. ఆ ప్రకటన చూసినప్పటి నుంచి మా ఎదురింటి కోడలు ఎనిమిది నెలల పిల్లని ఒళ్ళో వేసుకుని పూటకోసారి చిగుళ్ళు వేలితో తడిమి చూస్తోంది. నిన్న ఆ పిల్ల కోపమొచ్చి గట్టిగా కొరికింది. పళ్ళు లేకుండానే.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు, కవలల తల్లి
పశ్చిమ గోదావరి జిల్లా